క్రిమి చచ్చాక నరం సంగతి

కుష్ఠువ్యాధి అనగానే మన కళ్లముందు మెదిలేవి మొండి వేళ్లు, గుడ్డపీలికలు చుట్టిన పాదాలు. ఆ రోగం ఒంటిని కొరుక్కుతింటుందనీ, వేళ్లు వాటంతటవే రాలిపోతాయనీ మన పెద్దలు నమ్మారు. చదువుకున్నవాళ్లలో కూడా చాలామంది ఇప్పటికీ అలాగే అనుకుంటారు. దీన్ని ఉత్త మూఢనమ్మకమని కొట్టిపారేయడానికి లేదు, పైకి కనబడేది అదే మరి. అయితే కనబడేది ఒకటి, లోపల జరిగేది మరొకటి. ఆ సంగతి వైద్యులు పట్టుకుని డెబ్భై ఏళ్లు దాటింది. పట్టుకున్నాక కూడా మనం ఈ జబ్బును క్రిమి లెక్కతోనే కొలుస్తున్నాం, నరం లెక్కతో కొలవడం లేదు. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే. క్రిమి చావగానే రోగి పేరు పక్కన నయమైందని రాసుకుంటాం. చెయ్యో కాలో కన్నో పోవడం మాత్రం చాలామంది విషయంలో ఆ రాత తర్వాత కూడా సాగుతూనే ఉంటుంది.

ఈ సంగతిలో దారి చూపినవాడు పాల్ బ్రాండ్. తమిళనాడులోని కొల్లి కొండల్లో 1914లో పుట్టిన ఆంగ్లేయుడు, శస్త్రవైద్యుడు. 1946లో రాయవెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చేరాడు. చెంగల్పట్టు కుష్ఠు ఆసుపత్రిని నడుపుతున్న రాబర్ట్ కాక్రేన్ అక్కడి రోగుల చేతులు ఆయనకు చూపించాడు. కొంకర్లు పోయిన వేళ్లు, అరిగిపోయిన కొసలు. ఎముకల వైద్యులు అప్పటిదాకా ఈ చేతుల జోలికి పెద్దగా రాలేదు. కుష్ఠు మాంసం చెడ్డ మాంసమనీ, కోస్తే మానదనీ అందరూ అనుకునేవారు. బ్రాండ్ బృందం పొట్టిబారిన వేళ్ల కొసల నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్ష చేయించింది. వేలిని తినేసే విషమేదీ వాటిలో కనిపించలేదు. గాయమైన పాదానికి పిండికట్టు వేసి కదలకుండా ఉంచితే అది ఎవరి పాదమైనా మానినట్టే మానింది. మాంసం మంచిదే అయినప్పుడు వేళ్లు ఎందుకు పోతున్నట్టు? రోగుల దినచర్యను గమనిస్తే ఒక్కొక్కటే బయటపడసాగాయి: కాలుతున్న గిన్నెను పట్టకారు లేకుండా దించడం, బిగుసుకున్న తాళాన్ని వేలు తెగేదాకా తిప్పడం, బీడీ చివర వేళ్ల మధ్యే కాలిపోవడం. కొందరికి రాత్రికి రాత్రే వేలి ముక్క మాయమయ్యేది. కాపలా కాసి చూస్తే ఎలుకలు కొరుకుతున్నాయి, నిద్రపోతున్న మనిషికి తెలియడం లేదు. ఇంటికి పంపేటప్పుడు రోగి వెంట ఒక పిల్లిని కూడా పంపడం అక్కడ చికిత్సలో భాగమైంది. వైద్య చరిత్రలో ఇంతకన్నా చవకైన మందు చీటీ అరుదనే చెప్పాలి.

స్పర్శ ఎందుకు పోతుందన్న ప్రశ్నకు జవాబు క్రిమి అలవాట్లలో ఉంది. 1873లో నార్వేలోని బెర్గెన్‌లో హాన్సెన్ కనిపెట్టిన ఈ బాక్టీరియా మహా నిదానస్థురాలు. మన పేగుల్లో ఉండే మామూలు బాక్టీరియా అనువు దొరికితే ఇరవై నిమిషాలకోసారి రెండవుతుంది. ఇది రెండు కావడానికి పన్నెండు, పద్నాలుగు రోజులు తీసుకుంటుంది. అందుకే మచ్చ కనిపించడానికి సగటున ఐదేళ్లు, ఒక్కోసారి ఇరవై ఏళ్లు కూడా పడుతుంది. రెండో అలవాటు చల్లదనం. ఒంటి లోపలి 37 డిగ్రీల వేడి దీనికి పడదు, 30 నుంచి 33 డిగ్రీల చోట్లు కావాలి. అంటే చర్మం, ముక్కు, కంటి ముందు భాగం, చెవి తమ్మెలు, చర్మానికి దగ్గరగా సాగే నరాలు. మూడో అలవాటు అన్నిటికన్నా చెడ్డది. నరాల తీగకు తొడుగుగా ఉండే ష్వాన్ కణాల్లో చేరి కాపురం పెడుతుంది. మోచేతి లోపలి గుబ్బ వెనకాల ఏదైనా తగిలితే చిటికెన వేలి దాకా జివ్వుమంటుంది కదా, ఆ నరం దీనికి ఇష్టమైన చోటు. అలాగే మణికట్టు, మోకాలి కింద బయటిపక్క, చీలమండ లోపలిపక్క, చెంప ఎముక మీదుగా కంటిరెప్పకు వెళ్లే పాయ. ఈ చోట్లలో నరం ఎముకకూ పట్టీలాంటి కణజాలానికీ మధ్య ఇరుకు సందులో సాగుతుంది. అక్కడ వాపు వస్తే, బిగుతు గాజులో ఇరుక్కున్న వాచిన చేతి పరిస్థితే. ఇక నరానికి రక్తం అందదు. ముందు వేడి, చల్లన తెలియకుండా పోతాయి. తర్వాత ముట్టుకున్నా తెలియదు. ఆ పిమ్మట చెమట ఆగిపోతుంది, కండరాలు చచ్చుబడతాయి.

ఒక్క అరికాలి పుండును దగ్గరగా చూస్తే మొత్తం వ్యవహారం అర్థమవుతుంది. మనం పది మైళ్లు నడిస్తే ఏడో మైలుకల్లా మనకు తెలియకుండానే అడుగు వేసే తీరు మారుతుంది. బొటనవేలి మొదలు దగ్గర నొక్కుకుంటున్న బరువును పాదం అంచుకు మారుస్తాం, కొంచెం కుంటుతాం, ఆగి చెప్పు సర్దుకుంటాం. స్పర్శ లేని పాదం ఈ పని చేయదు. మొదటి అడుగు ఎలా వేసిందో పదివేలో అడుగు కూడా అలాగే, అదే చోట, అదే బరువుతో వేస్తుంది. వేళ్ల మొదళ్ల కింద లోపలి కణజాలం ముందు నలుగుతుంది, నీరు పడుతుంది, ఆ తర్వాతే చర్మం పగులుతుంది. చెమట లేక బీటలు వారిన చర్మం అందుకు తోడవుతుంది. దుమ్ము చేరుతుంది, చీము పడుతుంది, అది ఎముకకు ఎక్కుతుంది. ఎముక ముక్కలై బయటికి వస్తుంది, పాదం పొట్టిదవుతుంది. పొట్టి పాదం మీద అదే మనిషి బరువు పడితే నొక్కుడు మరింత పెరుగుతుంది. అక్కడి నుంచి పుండు పుండును కంటుంది. ఏళ్ల తరబడి మానని పుండు అంచున ఒక్కోసారి క్యాన్సర్ కూడా మొదలవుతుంది. ఇదంతా జరుగుతున్నప్పుడు ఆ పాదంలో కుష్ఠు క్రిమి ఒక్కటి కూడా బతికి ఉండనక్కర్లేదు. ఇంతటి పుండును కూడా కదలిక లేకుండా కట్టు వేసి, బరువు తప్పిస్తే వారాల్లో పూడుతుంది. మళ్లీ అదే చెప్పులతో నడిపిస్తే మళ్లీ పగులుతుంది. మానకపోవడం మాంసం గుణం అయ్యుంటే ఈ రెండు ఫలితాలూ వచ్చేవి కావు.

ఇక్కడ ఒక అభ్యంతరానికి జవాబు చెప్పాలి. అన్ని వైకల్యాలూ మొద్దుబారడం వల్లే వస్తాయా? రావు. బ్రాండ్ వాదాన్ని అభిమానించేవాళ్లు దాన్ని కొంచెం ఎక్కువగానే సాగదీశారని నా అభిప్రాయం. ముక్కు దూలం కూలిపోవడానికి గాయం కారణం కాదు. ముక్కు లోపలి పొరలో క్రిములు కోట్ల సంఖ్యలో చేరి, వాపుతో, పుండ్లతో లోపలి మృదులాస్థిని పోగొడతాయి. డెన్మార్క్‌లోని నెస్ట్‌వెద్‌లో మధ్యయుగాల నాటి కుష్ఠు ఆశ్రమం శ్మశానాన్ని మోలర్-క్రిస్టెన్సెన్ అనే వైద్యుడు తవ్వి, ఆ అస్థిపంజరాలను పరిశీలించాడు. ముక్కు కింది ఎముక మొన, పైదవడ ముందరి పళ్ల ఎముక అరిగిపోయి ఉండటం ఆయన చూశాడు. పాత ఎముకల్లో కుష్ఠును గుర్తుపట్టడానికి ఇప్పటికీ అదొక ఆనవాలు. కనుబొమలు రాలడం, కంటి లోపలి పొర వాచి చూపు మందగించడం, గొంతు బొంగురుపోవడం కూడా నేరుగా క్రిమి పని, లేదా దాని మీద శరీరం చేసే యుద్ధం పని. అయితే ఈ నష్టం ముఖ్యంగా ఒంట్లో క్రిమి బాగా ప్రబలిన, చికిత్స ఆలస్యమైన రోగుల్లో కనిపిస్తుంది. వేళకు మందు అందితే ముక్కు దక్కుతుంది. నరం సంగతి అలా కాదు. అందుకే ఈ మినహాయింపు ఒప్పుకున్నా నా వాదం చెడదు. మందు దేన్ని ఆపుతుందో, దేన్ని ఆపలేదో ఇంకా విడిగా కనబడుతుంది.

మందు మాట వచ్చింది కాబట్టి దానికి ఇవ్వాల్సిన గౌరవం ఇచ్చి తీరాలి. మన నిజాం ప్రాంతంలోని డిచ్‌పల్లిలో ఇజబెల్ కెర్ కుష్ఠు ఆసుపత్రి నడిపిన రోజుల్లో చాల్‌మోగ్రా నూనె ఇంజెక్షన్లే గతి. 1940లలో డాప్సోన్ వర్గం మందులు వచ్చాయి. క్రిమి వాటికి లొంగకుండా పోయేసరికి 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫార్సు చేసింది. రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫాజిమిన్ కలిపి ఇచ్చే ఈ చికిత్సనే మన ఆరోగ్య కార్యకర్తలు ఎండీటీ అంటారు. ప్రపంచమంతటా కోటిన్నర మందికి పైగా దీనితో బాగుపడ్డారు. వాళ్లలో ఎందరికో నరం దెబ్బతినకముందే మందు అంది చెయ్యీ కాలూ నిలిచాయి. ఇది అతి పెద్ద విజయం. అయితే ఎండీటీ చంపేది క్రిమిని. చచ్చిన క్రిమి శకలాలు నరంలో, చర్మంలో నెలలూ ఏళ్లూ మిగిలిపోతాయి. వాటిని చూసి శరీర రక్షణ దళం ఒక్కసారిగా రెచ్చిపోవచ్చు. దీన్నే వైద్యులు రియాక్షన్ అంటారు. ఒక రకంలో పాత మచ్చలు ఎర్రబడి ఉబ్బుతాయి, నరం వాస్తుంది, రోజుల్లోనే చెయ్యి పట్టు తప్పుతుంది. మరో రకంలో జ్వరం, ఒళ్లంతా నొప్పి పుట్టించే ఎర్రటి గడ్డలు, కళ్ల మంట వస్తాయి, కొందరికి కీళ్లూ వృషణాలూ వాస్తాయి. ఇవి చికిత్సకు ముందూ రావచ్చు, మధ్యలోనూ రావచ్చు, మందు అయిపోయి ఏళ్లు గడిచాకా రావచ్చు. ఇంకా మాయదారిది నొప్పి కూడా లేకుండా నరం చచ్చుబడటం. అప్పుడు రోగి ఆసుపత్రికి వచ్చే కారణమే ఉండదు. నరం దెబ్బతిని ఆరు నెలలు దాటకముందే ప్రెడ్నిసోలోన్ మొదలుపెట్టి, నెలల మీద మెల్లగా తగ్గిస్తూ వాడితే పోయిన స్పర్శ, బలం చాలామందికి ఎంతో కొంత తిరిగొస్తాయి. ఆ గడువు దాటితే ఆశ సన్నగిల్లుతుంది. గడువు ఇంత చిన్నదైనప్పుడు కావలసింది మళ్లీ మళ్లీ చూడటం. మన వ్యవస్థలో అలవాటు తక్కువైంది అదే.

ఎందుకు తక్కువైందో అంకెలు చెబుతాయి. జనాభాలో పదివేల మందికి ఒక్కరికన్నా తక్కువ మంది చికిత్సలో ఉంటే, ప్రజారోగ్య సమస్యగా కుష్ఠు నిర్మూలన జరిగినట్టేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత గీసింది. భారతదేశం 2005 డిసెంబరు నాటికి ఆ గీత దాటింది. ఆ లెక్కలో ఉండేది మందు మింగుతున్నవాళ్లే అన్నది గమనించండి. మందుల చివరి అట్ట అయిపోయిన రోజున ఆర్‌ఎఫ్‌టీ, అంటే చికిత్స నుంచి విడుదల, అని కార్డు మీద రాస్తారు. మనిషి లెక్కలోంచి వెళ్లిపోతాడు, కాలి పుండుతో సహా. క్రిములు ఎక్కువగా ఉన్న రోగులకు ఒకప్పుడు చికిత్స రెండేళ్లు ఉండేది. 1990ల చివర దాన్ని ఏడాదికి తగ్గించారు. వైద్యపరంగా అందుకు మంచి కారణాలే ఉన్నాయి. కానీ రెండేళ్లు లెక్కలో ఉండాల్సిన మనిషి ఏడాదే ఉంటే, ఊళ్లో ఒక్క జబ్బూ తగ్గకుండానే కాగితం మీద సంఖ్య పడిపోతుంది. కొత్త రోగులు మాత్రం మన దేశంలో ఇప్పటికీ ఏటా లక్ష అటూఇటూగా బయటపడుతున్నారు, ప్రపంచంలో సగానికి మించి మనవాళ్లే. వైకల్యానికీ ఒక కొలత ఉంది కదా అంటారు. ఉంది. స్పర్శ పోయి పైకి ఏమీ కనిపించకపోతే ఒకటో స్థాయి, పుండో వంకరో కనిపిస్తే రెండో స్థాయి. ప్రపంచమంతా లక్ష్యంగా పెట్టుకున్నది రెండో స్థాయిని, అదీ రోగాన్ని గుర్తించిన రోజున ఉన్నదాన్ని. రోగాన్ని ఎంత ఆలస్యంగా పట్టుకున్నామో తెలుసుకోవడానికి అది పనికొస్తుంది. పట్టుకున్న తర్వాత మన చేతుల్లో ఉండగా ఎందరి చేతులు పోయాయో దానివల్ల తెలియదు. పైగా ఆపగలిగింది ఒకటో స్థాయిలో. మనం గట్టిగా లెక్కించేది రెండో స్థాయిని.

తర్వాతి అభ్యంతరం రోగి మీదే వేలు చూపిస్తుంది. రోజూ కాలు నానబెట్టుకోమని, నూనె రాసుకోమని, చెప్పులు వేసుకోమని చెబుతూనే ఉన్నాం, వాళ్లే వినడం లేదు అంటారు. ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. స్వీయసంరక్షణ సక్రమంగా చేసేవాళ్లకు పుండ్లు తగ్గుతాయి, సందేహం లేదు. కానీ మన ఒంటి మీద శ్రద్ధ మనం నేర్చుకుని చేసేది కాదు, నొప్పి చేయించేది. నొప్పి లేని మనిషిని రోజుకు పదిసార్లు గుర్తుపెట్టుకుని కాలు చూసుకోమంటున్నామంటే, పుట్టిన దగ్గర్నుంచి శరీరం ఉచితంగా చేసిన పనిని అతని జ్ఞాపకశక్తికి అప్పగిస్తున్నామన్న మాట. కుదురుగా కూర్చోగలిగినవాడికే అది కష్టం. వరినాట్లకు వెళ్లేవాళ్లు బురదలో చెప్పులు వేసుకోలేరు, ఇటుక బట్టీలో పనిచేసేవాళ్లు వారం రోజులు కాలు పైన పెట్టి కూర్చుంటే కూలి పోతుంది. రాయవెల్లూరు దగ్గరి కరిగిరిలోనూ ఇతర కేంద్రాల్లోనూ తీర్చిదిద్దిన మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పులను, ఎంసీఆర్ చెప్పులంటారు వాటిని, ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది. మెత్తటి అట్ట, కింద గట్టి అడుగు, మేకులు లేని కుట్టు. మంచి వస్తువు. కానీ చాలాకాలం వాటి రంగూ తీరూ చూస్తే ఊళ్లో ఎవరైనా ఇట్టే గుర్తుపట్టేసేవారు. రోగాన్ని కాళ్లకు తొడుక్కుని నడవమంటే ఎవరు నడుస్తారు? వద్దన్నది వెలివేతను, చెప్పులను కాదు. 1898 నాటి కుష్ఠురోగుల చట్టాన్ని రద్దు చేయడానికి మనకు 2016 దాకా పట్టింది. వివాహ చట్టాల్లో విడాకులకు కుష్ఠు ఒక కారణంగా ఉన్న నిబంధన 2019లో గానీ పోలేదు. అలాంటి దేశంలో రోగి తన జబ్బును దాచుకుంటే దాన్ని నిర్లక్ష్యమనడం న్యాయం కాదు.

మరి వంకరపోయిన చేతిని ఆపరేషన్‌తో బాగుచేయలేమా అంటే, దాన్ని మళ్లీ తెరిపించే శస్త్రచికిత్స ఉంది. దెబ్బతినని కండరం స్నాయువును దారి మళ్లించి, చచ్చుబడిన కండరం పని దానికి అప్పజెబుతారు. బ్రాండ్ 1940ల చివర దీన్ని కుష్ఠు చేతుల మీద మొదలుపెట్టాడు. మన సాలూరు కుష్ఠు ఆసుపత్రి లాంటి చోట్ల ఈ ఆపరేషన్లు సాగుతూ వచ్చాయి. కదలిక వస్తుంది, స్పర్శ రాదు. ఆపరేషనైన చెయ్యి గ్లాసు పట్టుకోగలదు, అది కాలుతోందని చెప్పలేదు.

చివరి అభ్యంతరం ఖర్చుది. వేల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో నరాల పరీక్షలు ఎవరు చేస్తారు, స్టెరాయిడ్లు ఇస్తే షుగరూ బీపీ పెరగవా, దాగి ఉన్న క్షయ తిరగబెట్టదా అని అడుగుతారు. స్టెరాయిడ్ల భయం సరైనదే. అందుకే డాక్టరు పర్యవేక్షణ కావాలి. పరీక్షకు మాత్రం యంత్రాలేమీ అక్కర్లేదు. రోగిని కళ్లు మూసుకోమని, బాల్‌పెన్ను మొనతో అరచేతిలో, అరికాలిలో ఒక్కో చోట చిన్న గుంట పడేంత తాకించి, ఎక్కడ తాకిందో వేలితో చూపమంటారు. చిటికెన వేలిని పక్కకు చాపి పట్టుకోమంటారు, బొటనవేలిని పైకి ఎత్తమంటారు, మణికట్టును, పాదాన్ని పైకి లేపమంటారు, కళ్లు గట్టిగా మూయమంటారు. పోయినసారి కార్డులో రాసినదానితో ఇవాళ్టిది పోలుస్తారు. తేడా వస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి పంపుతారు. కుష్ఠు కోసం ప్రత్యేకంగా ఉన్న సిబ్బందిని సాధారణ ఆరోగ్య సేవల్లో కలిపేశాక ఈ పనిలో చెయ్యి తిరిగినవాళ్లు తగ్గిపోయిన మాట నిజం. కానీ నేర్పితే ఏఎన్‌ఎం నేర్చుకోలేనిది ఇందులో ఏమీ లేదు. నేర్పడానికి మరో పెద్ద కారణమూ ఉంది. 1960లలో బ్రాండ్ అమెరికాలోని లూసియానాకు, కార్‌విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లాడు. కుష్ఠు పాదాలకు వేసిన పిండికట్టే అక్కడ షుగరు పాదాలకూ పనికొస్తుందని చూపించాడు. షుగరు వల్ల మొద్దుబారిన పాదం పగిలేదీ ఇలాగే, వేళ్ల మొదళ్ల కింద, తెలియకుండానే. మన రెండు రాష్ట్రాల్లో షుగరు లేని వీధి ఉందా? ఆరోగ్య కేంద్రంలో వారానికో రోజు షుగరు రోగుల పాదాలు చూస్తే, అదే రోజు, అదే బల్ల దగ్గర, కుష్ఠు మందు ముగించినవాళ్ల చేతులూ పాదాలూ కూడా కొన్నేళ్లపాటు చూడవచ్చు. పెన్ను అదే, ప్రశ్నలవే, ఇవ్వాల్సిన చెప్పుల కొలతలూ అవే. అప్పుడు ఆ చెప్పులు ఎవరి జబ్బువో వీధిలో ఎవరికీ తెలియదు. కుష్ఠు మందు వాడినవాళ్ల పక్కన కూర్చోవడానికి షుగరు రోగి వెనకాడితే మాత్రం అక్కడున్న నర్సు ఒక మాట చెప్పవచ్చు. రిఫాంపిసిన్ మొదటి మోతాదులతోనే అంటించే శక్తి దాదాపు పోతుంది, మందు పూర్తయిన మనిషి నుంచి అంటుకోవడానికి ఏమీ లేదు.